నడిగడ్డ నుండి నల్లమల దాకా: చిన్న బండికి బీమా

కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో తెల్లవారుజామున గద్వాలకు వచ్చు త్రోవలమీదను, పెబ్బేరు సంతకు సాగు వనపర్తి ప్రాంతపు బాటలమీదను, అచ్చంపేట దాటి మన్ననూరు వైపు అడవిలోనికి చొచ్చుకొనిపోవు నాగర్‌కర్నూలు దారిమీదను ఒక గడియసేపు నిలిచి చూచినవారికి, ఈ మూడు జిల్లాల బ్రతుకుబరువును మోయుచున్నది లారీయు కాదు, కారును కాదు, సైకిలుకన్న ఒక మెట్టు పైనను మోటారు సైకిలుకన్న రెండు మెట్లు క్రిందను నిలిచిన చిన్న బండియే యని తెలియకపోదు. పాలక్యాన్లు ఇరువైపుల వ్రేలాడదీసికొని పోవునది, హ్యాండిలుకు సీటుకు నడుమనున్న జాగాలో గడ్డిమోపు పెట్టుకొని వచ్చునది, పట్టునూలు కట్టలను గుడ్డలో చుట్టి మగ్గమున్న యింటికి చేర్చునది, పత్తి విత్తనపు చేలకు మందుడబ్బాను, కూలిమనిషిని ఒకేసారి తీసికొనిపోవునది, కొల్లాపురము మామిడిపండ్ల గంపను వీథి వీథికి త్రిప్పునది, అన్నియు ఆ బండ్లే. కొందరు దానిని టీవీఎస్ బండి యందురు, కొందరు ఎక్సెల్ అందురు. పాత సైకిలు చక్రమునకు మోటారు బిగించుకొన్నవారు కరెంటు సైకిలు అనుచున్నారు.

ఇంతటి పనిచేయు ఈ బండి ఒకనాడు బస్టాండు మూలమీద ఒక వృద్ధుని తాకి పడవేసినయెడల, లేదా ఎర్రవల్లి చౌరస్తాలో ఈ బండినే ఒక లారీ తాకి పడవేసినయెడల, ఆ పిమ్మట ఆ యింటికి కూడు పెట్టునది ఏది అను ప్రశ్నకు సమాధానము ఇంటి గూటిలోని ఒక కాగితమునందు ఉండవలెను. ఆ కాగితము చాల యిండ్లలో లేదు; ఉన్నచోట తేదీ దాటియున్నది; తేదీ దాటనిచోట అందులో నేమి వ్రాసియున్నదో చదివినవారు అరుదు. “చిన్న బండికి ఇన్సూరెన్సు ఎందుకు సారూ, పోలీసాయన ఆపితే గదా!” అను మాట ఈ ప్రాంతమున ఎక్కడనైనను వినవచ్చును. దేశము మొత్తముమీదనే రోడ్లపై తిరుగు వాహనములలో సగమునకు మించినవి బీమా లేనివేయనియు, అందు ద్విచక్రవాహనములదే పెద్దపాలనియు అధికారులే పలుమార్లు చెప్పియున్నారు గనుక, ఇది పాలమూరుకే, అనగా ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాకే, ప్రత్యేకమైన నిర్లక్ష్యమని తలచుట అన్యాయము. కాని పేదబండి యెక్కువగా తిరుగుచోట దాని ఫలము మరింత కఠినముగా ఉండునన్నది మాత్రము నిశ్చయము.

సైకిలుకు యంత్రము తగిలించుకొనవలెనను కోరిక సామాన్యుని కోరిక. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన మరుసటి సంవత్సరము, 1946లో, జపానుదేశమున సోయిచిరో హోండా సైన్యము విడిచిన చిన్న ఇంజన్లను తెచ్చి సైకిళ్లకు అమర్చి అమ్మసాగెను. అదే యేట ఫ్రాన్సులో ముందరి చక్రముమీద యంత్రము కూర్చున్న వెలోసోలెక్స్ సైకిలు వీథులలోనికి వచ్చెను. ఆ కథలో తెలుగునేలకును ఒక స్థానము కలదు. తిరుపతిలో మోపెడ్స్ ఇండియా సంస్థ ఫ్రాన్సుకు చెందిన మోటోబెకాన్ సహకారముతో సువేగా అను మోపెడ్డును తయారుచేసినది. 1972లో పూనాలోని కైనెటిక్ వారి లూనా, 1980లో హోసూరు నుండి టీవీఎస్ 50 వచ్చిన తరువాత, గుమాస్తాకును బడిపంతులుకును మాత్రమే పరిమితమైయుండిన ఈ వాహనము క్రమముగా రైతుకును పాలవానికిని నేతగానికిని చేరినది.

ఈ ప్రాంతపు బండి నెంబరు పలకను చూచిన ఆ బండి ఏ కాలమున పుట్టినదో చెప్పవచ్చును. ఏపీ 22 అని యున్నది ఉమ్మడి రాష్ట్రపు మహబూబ్‌నగర్ జిల్లా నాటిది. టీఎస్ 06 అని యున్నది రాష్ట్రము వేరుపడిన తొలి రెండేండ్లది. 2016 అక్టోబరు 11న పాలమూరు జిల్లా చీలిన తరువాత నాగర్‌కర్నూలుకు 31, వనపర్తికి 32, జోగుళాంబ గద్వాలకు 33 అంకెలు వచ్చినవి. 2024 మార్చి నుండి టీఎస్ పోయి టీజీ వచ్చినది. ఏపీ 22 పలకతో నేటికిని గడ్డిమోపులు మోయుచున్న బండ్లు ఈ మూడు జిల్లాలలో ఎన్నో కలవు. అవి మూడు చేతులు, నాలుగు చేతులు మారి వచ్చినవి. బండి చేతులు మారినంత సులభముగా కాగితములు చేతులు మారలేదు; బీమాకథలోని చిక్కులలో సగము ఇక్కడనే పుట్టుచున్నవి.

అయినను మొదట తెలిసికొనవలసినది చట్టము గీచిన గీటు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము, నాలుగు చక్రములకన్న తక్కువ కలిగి, ఇంజన్ సామర్థ్యము 25 సీసీలకు మించని బండిని మోటారు వాహనముగా పరిగణింపదు. విద్యుత్తుతో నడుచు బండ్ల విషయమున 1989 నాటి కేంద్ర నియమావళి మరొక గీటు గీచినది: మోటారు శక్తి 250 వాట్లకు లోపలను, వేగము గంటకు 25 కిలోమీటర్లకు లోపలను, బ్యాటరీని విడిచి బండి బరువు 60 కిలోలకు మించకయు ఉన్నయెడల అది మోటారు వాహనము కాదు, తొక్కుచుండగా తోడ్పడు మోటారుగల సైకిలైనచో, వేగము 25కు చేరగానే గాని, తొక్కుట మానగానే గాని మోటారు సహాయము నిలిచిపోవలెను. ఈ లక్షణములన్నియు ఉన్నవని ప్రభుత్వము గుర్తించిన పరీక్షాసంస్థ ధ్రువపత్రము ఇచ్చియుండవలెను. అట్టి బండికి రిజిస్ట్రేషను అక్కరలేదు, లైసెన్సు అక్కరలేదు, బీమా అక్కరలేదు.

బీమా అక్కరలేదనగానే దుకాణదారులు దానిని గొప్ప లాభముగా చెప్పుచుందురు, కొనువారును సంతోషింతురు. ఆ సంతోషమునకు రెండు పార్శ్వములు కలవని మాత్రము ఎవరును వివరింపరు. ఈ కరెంటు సైకిలును జాతీయ రహదారి 44 మీద బీచుపల్లి వంతెన దాటిన పిమ్మట ఒక లారీ గుద్దినదనుకొందము. చట్టము దృష్టిలో ఆ సైకిలిస్టు బాటసారితో సమానుడు. అనగా మూడవ వ్యక్తి. లారీకి గల బీమాయే అతనికి పరిహారము చెల్లింపవలెను. నీకు లైసెన్సు ఉన్నదా, నీ బండికి పాలసీ ఉన్నదా అని అతనిని అడుగుటకు ఎవరికిని హక్కు లేదు. ఇది మేలైన పార్శ్వము. ఇక రెండవది: ఆ సైకిలే ఒక వృద్ధురాలిని తాకి తుంటియెముక విరిగినయెడల, ఆమెకు మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునలు తలుపు తెరచుకొనదు, ఏలయన ప్రమాదము చేసినది మోటారు వాహనమే కాదు. ఆమె సాధారణ సివిలు దావా వేసికొనవలెను. గెలిచినను వసూలు చేసికొనుటకు సైకిలువాని యింటిలో నేమున్నది? ఇట్లే, 2025 మే నెలలో కేంద్రము అమలుచేసిన నగదురహిత చికిత్సా పథకము, ప్రమాదము జరిగిన దినము మొదలు ఏడు దినముల వరకు లక్షాయేబదివేల రూపాయల చికిత్సను గుర్తింపు పొందిన ఆసుపత్రులలో ఇప్పించునది, మోటారు వాహనము వలన కలిగిన ప్రమాదములకు ఉద్దేశించినది. కరెంటు సైకిలుమీద నుండి తనంతతాను గోతిలో పడినవానికి ఆ ఆశ్రయము లేదు.

ఈ గీటునకు పైన మరొక జాతి బండ్లు ఉన్నవి. నా దృష్టిలో అత్యంత దయనీయమైన స్థితి వానిదే. పాత సైకిలు వెనుక చక్రములో 350 వాట్లదో 500 వాట్లదో హబ్ మోటారు ఎక్కించినవి కొన్ని. పెట్రోలుతో నడుచు 50 సీసీలకు దగ్గరి చిన్న యంత్రమును చట్రము నడుమ బిగించినవి కొన్ని. చేసినవాని చేతినేర్పు మెచ్చదగినదే. పదివేలలోనో ఇరువదివేలలోనో ఒక కుటుంబమునకు వాహనము సమకూర్చిన ఆ మెకానికును తప్పుపట్టుటకు నాకు నోరు రాదు. కాని ఆ మోటారు బిగించిన క్షణముననే ఆ సైకిలు చట్టము కంట మోటారు వాహనమైనది. మోటారు వాహనమునకు రిజిస్ట్రేషను కావలెను; రిజిస్ట్రేషను కావలెనన్న పుణెలోని ఏఆర్‌ఏఐ వంటి పరీక్షాసంస్థ ఆమోదించిన నమూనా అయియుండవలెను; ఇంటిదగ్గర కట్టిన బండికి అట్టి ఆమోదము ఉండదు. బీమా కంపెనీ పాలసీ వ్రాయుటకు రిజిస్ట్రేషను నెంబరు, ఛాసిస్ నెంబరు, ఇంజన్ నెంబరు అడుగును, మూడును లేవు. బీమా లేక నడుపుట 146వ విభాగమునకు విరుద్ధమైన నేరము. మొదటిసారి రెండువేలు, మరల పట్టుబడిన నాలుగువేలు జరిమానా, మూడు నెలల వరకు కారాగారవాసము కూడ విధింపవచ్చును. బీమా చేయించుకొందమన్న చేయువాడు లేడు. ఈ రెండు గోడల నడుమ చిక్కినవాడు తప్పించుకొనుటకు మార్గము ఒక్కటియే కనబడుచున్నది: 250 వాట్ల హద్దులోపల ఉండి, ధ్రువపత్రముతో వచ్చిన బండినే కొనుట. గంటకు పది కిలోమీటర్ల అధికవేగము కొరకు, లారీ ఎదుట మూడవ వ్యక్తిగా నిలుచు హోదాను అనుమానమున పడవేసికొనుట తగదని కిట్టు బిగించుకొనదలచిన ప్రతివానికి చెప్పదలచుచున్నాను. లైసెన్సు లేనంతమాత్రమున గాయపడినవానిదే తప్పని తీర్మానింపరాదని 2008లో సుధీర్‌కుమార్ రాణా కేసులో సుప్రీంకోర్టు చెప్పియున్నను, అక్రమముగా కట్టిన బండిమీద పోవుచుండిన మనిషికి లారీ కంపెనీ న్యాయవాది వేయు ప్రశ్నలు వేరుగా ఉండును.

ఇక కంపెనీలో తయారై, నెంబరు పలకతో వచ్చిన అసలు మోపెడ్డు సంగతికి వత్తము. 2018 జులై 20న సుప్రీంకోర్టు రాజశేఖరన్ కేసులో ఇచ్చిన ఉత్తర్వును అనుసరించి, ఆ యేడు సెప్టెంబరు 1 నుండి క్రొత్త ద్విచక్రవాహనములకు ఐదేండ్ల థర్డ్ పార్టీ, అనగా మూడవ వ్యక్తి, బీమాను కొనునాడే కట్టించుచున్నారు. ఇది మిక్కిలి మేలుచేసిన తీర్పు. ఏటేటా గుర్తుంచుకొని కట్టవలసిన బాధ తప్పినది. కాని ఆరవ యేట ఏమగుచున్నది? అప్పటికి బండి సగము అరిగియుండును, ఇంకొకరికి అమ్ముడుపోయియుండును, షోరూములో ఇచ్చిన కాగితముల కవరు ఎక్కడ నున్నదో తెలియకుండును. 2022 జూన్ 1 నుండి అమలైన పట్టిక ప్రకారము 75 సీసీలకు మించని పాత మోపెడ్డుకు ఏడాదికి థర్డ్ పార్టీ రుసుము 538 రూపాయలు, వంద సీసీలకు దగ్గరి నేటి ఎక్సెల్ బండికి 714 రూపాయలు, మూడు కిలోవాట్లకు మించని విద్యుత్ ద్విచక్రికి 457 రూపాయలు, జీఎస్టీ అదనము. 714 రూపాయలనగా పన్ను కలుపకముందు దినమునకు రెండు రూపాయల లోపలి మాట. ఈ రుసుము అన్ని కంపెనీలలోను ఒక్కటే గనుక బేరమాడుటకు గాని మోసపోవుటకు గాని తావు లేదు. థర్డ్ పార్టీ పాలసీకి బండిని తనిఖీ చేయవలసిన పని సాధారణముగా ఉండదు. ఆర్సీ చేతనుండిన మీసేవ పక్కనున్న నెట్ సెంటరులోనైనను క్షణములలో దొరకును.

అయితే ఆ రెండు రూపాయలు ఎవరిని కాచుచున్నవి? ఈ ప్రశ్నవద్ద కొంచెము నిలువవలెను. థర్డ్ పార్టీ పాలసీ కాపాడునది బండి నడుపువానిని కాదు, బండి తాకినవానిని. మన గ్రామములలో “బండికి ఇన్సూరెన్సు ఉంది, నాకేమన్నా అయితే ఇంటికి పైసలొస్తయి” అని నమ్మియున్నవారు అసంఖ్యాకులు. నడుపువానికి రక్షణ ఇచ్చునది వేరొక భాగము: యజమాని చోదకుని వ్యక్తిగత ప్రమాద బీమా. దాని మొత్తమును 2018లో బీమా నియంత్రణ సంస్థయైన ఐఆర్‌డీఏఐ పదునైదు లక్షల రూపాయలకు పెంచినది. అందులోని షరతులు మూడు మాటలు: బండి అతని పేర ఉండవలెను, పాలసీ అతని పేర ఉండవలెను, చేత చెల్లుబాటులోనున్న లైసెన్సు ఉండవలెను. మూడింట ఏ యొక్కటి లేకపోయినను ఆ పదునైదు లక్షలు రావు. పేరు మార్పించుకొనక సెకండ్ హ్యాండు బండి నడుపుచున్నవాడు ఈ లెక్కలో యజమానియే కాడు.

మనవైపు బండి ఒకరిది, నడుపునది పదుగురు. “అన్నా, ఒక్క గంట బండి ఇయ్యవా, మార్కెట్ యార్డు దాకా పోయొస్త” అన్న కాదనుటకు ఏ పల్లెలోను ఎవరికిని మనసొప్పదు. ఒప్పకపోవుట మన మంచితనమే. కాని ఎరువు తీసికొన్న బండిమీద పోవుచు తన తప్పిదము వలననే ప్రాణము కోల్పోయినవాని కుటుంబము ఆ బండి బీమానుండి పరిహారము అడుగజాలదని, అతడు యజమాని స్థానమున నిలిచినవాడేయని 2009లో నింగమ్మ కేసులో సుప్రీంకోర్టు నిర్ణయించినది.

వెనుక సీటు విషయము ఇంతకన్న బాధాకరమైనది. ఈ మూడు జిల్లాలలో మోపెడ్డు వెనుక సీటు స్త్రీలది. కూలికి పోవు భార్య, ఆసుపత్రికి పోవు తల్లి, కాలేజీకి పోవు కూతురు అక్కడనే కూర్చుందురు. చీరకొంగు చక్రములో పడకుండ ఒక చేత పట్టుకొని, రెండవ చేత సంచి పట్టుకొని, ఒకవైపు తిరిగి కూర్చుండు ఆమెయే బండి కుదుపునకు మొదట పడునది. కేవలము చట్టము కోరిన థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉన్నయెడల వెనుక కూర్చున్న వ్యక్తికి కంపెనీ బాధ్యత వహింపనక్కరలేదని 2006లో తిలక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కంపెనీల న్యాయవాదులు నేటికిని దానినే ఎత్తి చూపుచున్నారు. ప్యాకేజీ పాలసీ, అనగా జనులు ఫుల్ ఇన్సూరెన్సు అనుకొనునది, ఉన్నయెడల వెనుక కూర్చున్నవారికిని రక్షణ కలదని 2009లో నియంత్రణ సంస్థయే కంపెనీలకు స్పష్టపరచినది. అనగా భర్త బండి నడుపుచు ఒక గేదెను తప్పింపబోయి పడగా వెనుకనున్న భార్య మరణించిన యింటికి, ఒక పాలసీ ఉన్న పరిహారము వచ్చును, ఇంకొక పాలసీ ఉన్న ఒక్క రూపాయియు రాదు. ఆ రెంటికి నడుమ రుసుములో తేడా, పాత బండి విషయమున, స్వల్పమే. ఫుల్ ఇన్సూరెన్సు బండి రిపేరు కొరకే యనుకొని, అరిగిన బండికి అది దండుగ యని మానుకొనుచున్నవారు ఈ సంగతిని ఎరుగరు. ఐదేండ్లు నిండునాటికి బండి విలువను సగమునకు తగ్గించి లెక్కగట్టుదురు గనుక రిపేరు లాభము తక్కువ యన్నది నిజమే; వెనుక సీటు విలువ తగ్గదు. ఫుల్ పాలసీ దొరకని పాత బండియైనచో, వెనుక కూర్చుండువారికి ప్రత్యేకముగా వ్యక్తిగత ప్రమాద బీమాను చేర్చుమని అడుగవచ్చును. చేర్చినయెడల పాలసీ కాగితముమీద ఆ పంక్తి ఎదుట రుసుము కనబడవలెను, కనబడనిచో చేర్చనట్లే.

బండి చేతులు మారినప్పుడు అమ్మినవారు పదునాలుగు దినములలోను, కొన్నవారు ముప్పది దినములలోను ఆ మార్పును నమోదు చేయింపవలెనని చట్టము. బీమాపత్రము మూడవ వ్యక్తి నిమిత్తము బండితోబాటే మారినట్లు భావింపబడునుగాని, బండి డ్యామేజికి, యజమాని ప్రమాద బీమాకు అట్లు కాదు. వాటిని పేరు మార్పించుకొనియే పొందవలెను. అమ్మినవానికి ఇందు పెద్ద అపాయము కలదు. ఆర్సీమీద తన పేరే ఉన్నంతకాలము, బీమా లేని ఆ బండి చేసిన ప్రమాదమునకు నోటీసు వచ్చునది అతని యింటికే. నాలుగువేలకు అమ్మిన మోపెడ్డు మూలముగా లక్షల డిక్రీ నెత్తిన పడుటకు అవకాశమున్నదని పల్లెలలో ఎవరైనను చెప్పుచున్నారా? మన గ్రామసభలలో చెప్పదగిన మాటలలో ఇది యొకటి.

లైసెన్సు లేని పిల్లల సంగతి వేరుగా వ్రాయనక్కరలేదు; పదునారేండ్లు నిండినవారికి 50 సీసీలకు మించని బండికే అనుమతి యనియు, నేటి ఎక్సెల్ బండి ఆ హద్దుకు రెండింతలు ఉన్నదనియు తెలిసిన చాలును. లైసెన్సు లేనివాడు తాకినను గాయపడినవానికి కంపెనీ ముందుగా చెల్లించి, పిదప యజమాని వద్ద వసూలు చేసికొనవలెనని 2004లో స్వరణ్ సింగ్ కేసు నిర్దేశించినది. బాధితునికి అది వరము, బండిగల తండ్రికి అది అప్పు.

ప్రమాదము జరిగిన పిమ్మట దిక్కుతోచక మహబూబ్‌నగరు కోర్టుల చుట్టును తిరిగిన తరము మనయెదుటనే ఉన్నది. ఇప్పుడు 2022 జూన్ 2 నుండి ప్రతి జిల్లాకును ఒక జిల్లాకోర్టు ఏర్పడినది. బాధితుడు తాను నివసించు ప్రాంతపు ట్రిబ్యునలులోనే దరఖాస్తు చేసికొనవచ్చును గనుక గద్వాలవారు గద్వాలలోను, వనపర్తివారు వనపర్తిలోను, నాగర్‌కర్నూలువారు నాగర్‌కర్నూలులోను వేసికొనగలరు. ప్రమాదము జరిగిన ఆరు నెలలలోపల వేయవలెనను గడువును సవరించిన చట్టము తెచ్చినది, దానిని దాటనీయరాదు. గుద్దిన బండి ఆచూకీ తెలియనప్పుడు, 2022 ఏప్రిల్ 1 నుండి మరణమునకు రెండు లక్షలు, తీవ్రగాయమునకు యేబదివేలు ఇచ్చు పథకము కలదు. దానికి తహసీలుదారు లేక ఆర్డీవో కార్యాలయమున దరఖాస్తు పెట్టవలెను. శ్రీశైలము రహదారిమీద రాత్రివేళ తాకి పోయిన కారును వెదకజాలని కుటుంబములకు ఈ సంగతి తెలియవలెను.

తెలంగాణ ప్రభుత్వము 2018 ఆగస్టులో రైతుబీమాను, 2022 ఆగస్టు 7న నేతన్నబీమాను ప్రారంభించి, అర్హులైన రైతు, నేతకార్మిక కుటుంబములకు, ఏ కారణము చేత మరణము సంభవించినను, ఐదు లక్షల రూపాయల భరోసా కల్పించినది. గద్వాల, రాజోలి, అమరచింత, కొత్తకోట మగ్గములవారికి అది ఎంతటి ధైర్యము నిచ్చినదో వేరుగా చెప్పవలెనా? కాని కాలు విరిగి ఆరు నెలలు మగ్గపు గుంటలోనికి దిగజాలని నేతగానికి ఆ పథకములో చోటు లేదు. యేబదితొమ్మిదేండ్లు దాటిన రైతుకును లేదు. ఆ లోటును కొంతవరకు పూడ్చునది ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన: 2015లో ఏడాదికి పండ్రెండు రూపాయలతో మొదలై, 2022 జూన్ నుండి ఇరువది రూపాయలైనది. పదునెనిమిది మొదలు డెబ్బది యేండ్ల వయస్సువరకు బ్యాంకు ఖాతాగల వారెవరైనను చేరవచ్చును. ప్రమాదమున మరణించినను, రెండు కన్నులో రెండు కాళ్లో పోయినను రెండు లక్షలు. ఒక కన్ను, ఒక చేయి లేక ఒక కాలు పోయిన లక్ష. బండి ఎవరిది, నెంబరు ఉన్నదా, 250 వాట్లా 500 వాట్లా అను విచారణ అందులో ముఖ్యము కాదు. కరెంటు సైకిలువానికి గాని, ఎరువు బండివానికి గాని, వెనుక సీటు ఇల్లాలికి గాని నేటికి చేతికందు రక్షలలో ఇంత చవుకైనది మరొకటి నాకు కనబడలేదు.

సైకిలు దొంగిలింపబడుట, కాలిపోవుట విషయమున ప్రభుత్వరంగ సాధారణ బీమా సంస్థల గృహస్థుల ప్యాకేజీ పాలసీలలో పెడలు సైకిలుకు ఒక భాగము చిరకాలముగా ఉన్నది. అది కాలితో తొక్కు సైకిలును ఉద్దేశించి వ్రాసినది గనుక, మోటారుగల దానికి వర్తించునా అన్నది డబ్బు కట్టకముందే వ్రాతపూర్వకముగా తెలిసికొనవలెను.

ఈ చిన్నబండ్ల విషయమున ఇతర దేశములవారు చేసిన ఆలోచనలలో జర్మనీవారిది నాకు మిక్కిలి నచ్చినది. అక్కడ చిన్న మోపెడ్లకు రిజిస్ట్రేషను కార్యాలయపు పని లేదు. బీమా కట్టిన మనిషికి బీమా కంపెనీయే ఒక చిన్న నెంబరు పలక నిచ్చును. అది మార్చి 1 నుండి మరుసటి యేటి ఫిబ్రవరి చివరివరకు చెల్లును. పలకమీది అక్షరముల రంగు ఏటేటా నలుపు, నీలము, ఆకుపచ్చలుగా మారుచుండును. దూరమునుండి చూచినను ఆ బండికి ఈ యేటి బీమా ఉన్నదో లేదో పోలీసుకును తెలియును, పక్కింటివానికిని తెలియును. పలకయే పాలసీ, పాలసీయే పలక. ఆ దేశమునందును 250 వాట్ల తొక్కుడు సైకిలును నిర్బంధమునుండి విడిచిపెట్టినారు; కాని దానికి పైనున్న చిన్నబండిని అగాధములోనికి త్రోయక, దానికి తగిన చిన్న ద్వారమును తెరచినారు.

మన బీమారంగమును నియంత్రించు ఐఆర్‌డీఏఐ ప్రధానకార్యాలయము హైదరాబాదులోనే యున్నది. గద్వాల బస్సెక్కినవాడు కొన్ని గంటలలో ఆ భవనము ముందర దిగగలడు. విద్యుత్ వాహనములకు రోడ్డు పన్నును, రిజిస్ట్రేషను రుసుమును 2026 చివరిదాకా మాఫీచేసిన రాష్ట్రప్రభుత్వమును అక్కడనే యున్నది. ఈ రెండు సంస్థలును కూడి ఆలోచించినచో, హద్దునకు కొంచెము పైనున్న కిట్టుబండ్లను జిల్లాకేంద్రములలోనే పరీక్షించి, ఒక చిన్న పలక నిచ్చి, దానితోబాటే బీమాను కట్టించు విధానము అసాధ్యమని నేననుకొనను. వనపర్తి సంస్థానపు రాజభవనములో నడుచు పాలిటెక్నిక్ వంటి విద్యాసంస్థలు పరీక్షకు చేయూత నీయగలవు. హద్దునకు లోపలి సైకిళ్లకు నిర్బంధము వలదు. కాని కొనునాడు దుకాణములోనే, వంద రెండువందల రూపాయలకు, నడుపువానిని, అతడు తాకినవానిని ఇరువురిని కాచు ఐచ్ఛిక పాలసీ ఒకటి ఉండవలెను. పేదవాని వాహనము చిన్నదైనంతమాత్రమున అది విరుగగొట్టు ఎముక చిన్నది కాదు.

అంతవరకు పాఠకులకు ఒక్క విన్నపము. ఈ ఆదివారము మీ యింటి బండి పాలసీని కవరులోనుండి తీసి చూడుడు. పేరు ఎవరిది, తేదీ ఎన్నటివరకు అన్నవి చూచిన పిదప, వెనుక కూర్చుండువారికి రక్షణ ఉన్నదా లేదా అన్నది తప్పక చూడుడు. అర్థము కానియెడల ఏజెంటును అడిగి చదివించుకొనుడు. ఆ రక్షణ లేనిచో మరునాడు సోమవారముననే చేర్పించుడు, బ్యాంకులో ఆ ఇరువది రూపాయల ఫారముమీద ఇంటిల్లపాదిచేతను సంతకము పెట్టించుడు.